కొత్తూరు నుంచి తొండుపల్లికి ఐదు నిమిషాల్లో

హత్యలు మీ దాకా రావు

మా అక్క మనవరాలు ఈ మధ్య అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేరింది. చేరబోయే ముందు ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చి, "చిన్నమ్మమ్మా, నువ్వు ఎన్ని హత్య కేసులు వాదించావు?" అని అడిగింది. ఒక్కటీ లేదన్నాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్యాదస్తులు కాబట్టి టీ మాత్రం పూర్తిగా తాగి వెళ్లారు.

వాళ్లకు అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. హత్య కేసులు సెషన్స్ కోర్టుకు పోతాయి. మేజిస్ట్రేటు కోర్టులో ప్రభుత్వం తరఫున నిలబడే మనకు వచ్చేవి మేకల దొంగతనాలు, పొలం గట్ల తగాదాలు, పెళ్లి ఊరేగింపుల్లో కొట్లాటలు. వాటన్నిటికంటే ఎక్కువగా బండ్ల కేసులు. నేను ఇరవై ఆరేళ్లు ఈ పనే చేశాను. వాదించిన కేసుల్లో ఒకే ఒక్కటి నన్ను నిజంగా సిగ్గుపడేలా చేసింది. అది కూడా బండి కేసే.

ఎయిర్‌పోర్టు తెరిచిన మరుసటి ఏడు నన్ను శంషాబాద్ వైపు కేసులు వచ్చే కోర్టుకు వేశారు. అప్పటిదాకా ఎడ్లబండ్లు తాపీగా దాటిన రోడ్ల మీద ఒక్కసారిగా విమానం అందుకోవాలనే జనం పడ్డారు. విమానం అందుకోబోయేవాడికి తనూ ఒక విమానమే అనిపిస్తుంది కాబోలు. వారంలో ఒక రోజు చిన్న కేసుల కోసం కేటాయించేవాళ్లం. ఆ రోజు వరండా నిండా డ్రైవర్లే. గుమాస్తా పేరు పిలుస్తాడు. మనిషి బోను దగ్గరికి వస్తాడు. "తప్పు ఒప్పుకుంటావా?" "ఒప్పుకుంటున్న సార్." జరిమానా, సంతకం, తరువాతి పేరు. నిమిషానికి ఒక మనిషి. పొద్దున పది గంటలకే నేను వరండాలోకి వెళ్లి, ఒప్పుకుంటే వెంటనే ఇంటికి పోవచ్చు, కాదంటే నెలల తరబడి తిరగాలి అని అందరికీ సలహా చెప్పేదాన్ని. అందులో అబద్ధం ఏమీ లేదు. భోజనం వేళకు ఫైళ్లన్నీ ఖాళీ అయ్యేవి. ఆ కోర్టులో అందరికంటే అతివేగం నాదే, కాకపోతే నన్ను పట్టుకునే కెమెరా లేదు.

రెండు కెమెరాలు, ఒక టీ హోటలు

వేగంగా పోయాడని ఒక సాక్షి తన కంటితో చూసి చెబితే చాలదు. అంచనాకు ఏదైనా యంత్రం ఆధారం ఉండాలి. చట్టంలోనే ఆ మాట ఉంది. మొదట్లో పోలీసుల దగ్గర ఒక స్పీడ్ గన్ ఉండేది. డ్రైవర్లు దాన్ని దూరం నుంచే కనిపెట్టి, ఆ వంద గజాలు అత్తగారింటికి వచ్చిన కొత్త అల్లుళ్లలా నడిచి, దాటగానే మళ్లీ ఎగిరిపోయేవాళ్లు.

దీనికి విరుగుడుగా మా ఎస్సై గారు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆయనది ఒంగోలు వైపు. సన్నగా, చురుగ్గా, ప్రతి మాటకూ "గారు" తగిలించే మనిషి. దొంగను కూడా "వెంకటేశు గారూ, జీపు ఎక్కండి" అనేవారు. ఆయన ఉపాయం ఇది. బెంగళూరు రోడ్డు మీద కొత్తూరు ఇవతల ఒక వీడియో కెమెరా, తొండుపల్లి దగ్గర ఇంకో వీడియో కెమెరా పెట్టాలి. బొమ్మ మూల మీద టైము పడుతుంది. మధ్య దూరం తెలుసు. ఒకే బండి అక్కడ ఎప్పుడు దాటింది, ఇక్కడ ఎప్పుడు దాటింది చూస్తే సగటు వేగం తేలిపోతుంది. కెమెరా ముందు నెమ్మదించి లాభం లేదు. ఇప్పుడు దీనికోసం పెద్ద పెద్ద యంత్రాలు వచ్చాయి. అప్పుడు మాకున్నవి పెళ్లిళ్లకు వాడే రెండు కెమెరాలు, మధ్యాహ్నం పూట రెండు టీవీల ముందు కూర్చొని నంబర్లు సరిపోల్చే ఇద్దరు కానిస్టేబుళ్లు.

నేను ఆ ఉపాయాన్ని తెగ మెచ్చుకున్నాను. అయినా ప్రాసిక్యూటరును కదా, ఊరికే ఒప్పుకుంటే మర్యాద ఏముంటుంది? దూరం ఎలా కొలిచారని అడిగాను. జీపు మీటరుతో అన్నారు. జీపు డ్రైవరును పిలిచి అడిగితే, మధ్యలో సర్వీసు రోడ్డు దిగి టీ హోటలుకు పోయి వచ్చిన దూరం కూడా అందులో కలిసిందని తేలింది. ఎనిమిది వందల మీటర్లు ఎక్కువ. వీళ్ల ఇరానీ చాయ్ ఖర్చు వేగం రూపంలో జనం మీద పడబోయిందన్నమాట. నేను ఎస్సై గారికి క్లాసు పీకి, రోడ్ల శాఖ వాళ్ల కొలత చక్రం తెప్పించి, దగ్గరుండి మళ్లీ కొలిపించాను. సరిగ్గా పన్నెండు కిలోమీటర్లు చూసి రెండు వైపులా రాళ్లకు సున్నం వేయించాను.

ఆ ఎనిమిది వందల మీటర్లు పట్టుకున్నందుకు నా మీద నాకే ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను. వేగమంటే దూరం, కాలం రెండూ కదా. నేను దూరాన్ని పట్టుకొని, కాలాన్ని దేవుడు చూసుకుంటాడని వదిలేశాను.

ఒకరోజు ఎండాకాలంలో ఎస్సై గారు నలభై ఒక్క పేర్ల జాబితా తెచ్చారు. అంతకుముందు ఎప్పుడూ ఒక రోజుకు పది పన్నెండు మించలేదు. "మేడం గారూ, పంట బాగా పండింది" అన్నారు. నేనూ నవ్వాను. నెలకు సరిపడా కేసులు ఒక్క రోజులో వచ్చాయని కెమెరాలు బీరువాలో పెట్టేశారు కూడా. ఒక్కరోజులో నాలుగింతలు ఎందుకు పండిందని ఇద్దరం అడగలేదు.

యూసుఫ్ ఒప్పుకోడు

ఆ నలభై ఒక్కమందిలో నలభైమంది ఒక్క పూటలో ఒప్పుకొని వెళ్లిపోయారు. మిగిలినవాడు యూసుఫ్. మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటాడు, ఎయిర్‌పోర్టులో టాక్సీ నడుపుతాడు. నలభై దాటిన మనిషి, గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డం. ఆ రోజు కొత్తూరు ఫ్యాక్టరీ నుంచి ఒక ఆఫీసరును ఎక్కించుకొని ఎయిర్‌పోర్టుకు పోయాడు. మా లెక్క ప్రకారం పన్నెండు కిలోమీటర్లు ఐదు నిమిషాల్లో. అంటే గంటకు నూట నలభై నాలుగు.

రెండేళ్ల కింద అతని మీద ఇలాంటిదే ఒక కేసు ఉంది. అప్పుడు ఒప్పుకున్నాడు. ఇది రెండోది కాబట్టి పోలీసులు లైసెన్సు తీసుకొని కోర్టులో పెట్టి చేతికి ఒక రసీదు ఇచ్చారు. ఆ రసీదుతో ఊళ్లో ఎక్కడైనా నడపవచ్చు గాని ఎయిర్‌పోర్టు టాక్సీ స్టాండులో ఒప్పుకోలేదు. శిక్ష పడితే లైసెన్సు ఆర్నెల్లు రద్దు కావచ్చు, స్టాండులో అతని స్థానం ఇంకొకరికి పోతుంది. అందుకని నేను వరండాలో అతన్ని పక్కకు పిలిచి మంచిమాట చెప్పాను. ఒప్పుకుంటే జడ్జి గారిని బతిమాలి జరిమానాతో సరిపెట్టిస్తానని, రద్దు దాకా పోనివ్వనని అన్నాను. నిజంగా సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

"నై మేడం," అన్నాడు. "ఒప్పుకోను."

"నీకే మంచిది యూసుఫ్. కెమెరా అబద్ధం చెబుతుందా?"

"కెమెరా సంగతి నాకు తెలువదు మేడం. నాది పాత డీజిల్ బండి. వందకు పోతేనే స్టీరింగ్ వణుకుతది. నూట నలభై నాలుగు పోయిందంటే నేనే దానికి పూలదండ ఏస్త."

"మరి పోయినసారి ఒప్పుకున్నావు కదా?"

"పోయినసారి పోయిన, ఒప్పుకున్న. ఈసారి పోలే, ఎట్ల ఒప్పుకుంట?"

నేను విసుక్కున్నాను. మొండివాడని ఫైలు మీద పెన్సిలుతో రాసుకున్నాను కూడా. అతని వల్ల ఎస్సై గారు సాక్ష్యానికి రావాలి, నేను విచారణ నడపాలి, మా నిమిషానికి ఒక మనిషి లెక్క చెడిపోతుంది. తిరిగి చూసుకుంటే ఆ రోజు నాకు అతని మీద వచ్చిన కోపానికి కారణం అదొక్కటే. కోర్టు లోపల లాయరును పెట్టుకోమంటే, "నిజం చెప్పనీకి లాయర్ ఎందుకు మేడం?" అన్నాడు. ముప్పై మంది లాయర్లు కూర్చున్న గదిలో ఆ మాట అనడం మాత్రం బాగాలేదు.

సెవెన్ సీటర్

విచారణ రోజు ఎస్సై గారు ఇస్త్రీ మడత నలగకుండా బోనులోకి ఎక్కారు. రెండు కెమెరాలు సక్రమంగా పనిచేస్తున్నాయని తాను సంతకం చేసిన ధ్రువపత్రం చూపించారు. కొలత చక్రం గురించి నేను గర్వంగా అడిగాను, ఆయన గర్వంగా చెప్పారు. మేజిస్ట్రేటు గారు నెమ్మదస్తుడు. ఎవరి మాటకూ అడ్డురాడు, కళ్లద్దాలు తుడుచుకుంటూ వింటాడు. సాక్షిని ఏమైనా అడుగుతావా అని యూసుఫ్‌ను అడిగారు.

యూసుఫ్ చేతిలో మేమిచ్చిన జాబితా నకలు ఉంది. చదువుకున్నది ఏడో తరగతి. నెల రోజులు ఆ కాగితాన్నే చదివినట్టున్నాడు, మడతల దగ్గర చిరిగిపోయింది.

"ఎస్సై సాబ్, ఇండ్ల పంతొమ్మిదో నంబరు చూడుండ్రి. అది ఏం బండి?"

ఎస్సై గారు చూశారు. "సెవెన్ సీటర్ ఆటో అండి."

"ఎంత పోయింది?"

"డెబ్బై రెండు."

"సెవెన్ సీటర్ ఆటో, మన రోడ్ల మీద, పన్నెండు మంది ఎక్కినంక, డెబ్బై రెండు పోతదా సాబ్? మీరు ఎప్పుడన్న ఎక్కిండ్రా?"

కోర్టంతా నవ్వింది. గుమాస్తా కూడా నవ్వాడు. ఆయన రోజూ వచ్చేది సెవెన్ సీటర్‌లోనే. నేను లేచి, ఆటో సంగతి ఈ కేసులో లేదు, ప్రశ్నను అనుమతించవద్దు అన్నాను. చట్టం ప్రకారం నా అభ్యంతరం బాగానే ఉంది. మేజిస్ట్రేటు గారు అద్దాలు తుడిచి పెట్టుకొని, "అభ్యంతరం రాసుకున్నాను మేడం. వాదనలు వచ్చే బుధవారం వింటాను. అప్పటికి ఆ ఆటో ఎలా పోయిందో మీరూ ఒకసారి చూడండి" అన్నారు. ఆయన గొంతు పెంచి ఉంటే నాకు ఇంత గుచ్చుకునేది కాదు.

మీరు ఇక్కడ నా గొప్పతనం ఊహించుకోవద్దు. నేను నిజం వెతకడానికి బయలుదేరలేదు. ఆ ఆటో నంబరును కానిస్టేబుళ్లు తప్పుగా చదివి ఉంటారని, ఆ ఒక్క పేరు కొట్టేసి యూసుఫ్ నోరు మూయించవచ్చని బయలుదేరాను.

గోడ మీద

ఠాణా పేరు వద్దులెండి. ఇప్పుడు అక్కడ అందరూ కొత్తవాళ్లు. శనివారం పదకొండు గంటలకు వస్తానని ముందే ఫోను చేశాను. నాలో వేరే తప్పులు ఉంటే ఉండవచ్చు గాని వేళ తప్పడం నాకు లేదు. సరిగ్గా పదకొండుకు గుమ్మం దాటాను. ఎస్సై గారు రౌండ్లలో ఉన్నారు. హెడ్ కానిస్టేబుల్ సత్తయ్య లేచి నమస్కారం పెట్టి, గోడ వైపు చూశాడు. కొత్తూరు కెమెరా నడిపేది ఇతనే. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, నెమ్మదైన నోరు.

"రాండ్రి మేడం. ఐదు నిమిషాలే లేటు, ఏం పర్వాలే."

నాకు పౌరుషం వచ్చింది. "లేటు ఎక్కడ? నా వాచీలో సరిగ్గా పదకొండు."

"ఔనా? అయితే మీది కరెక్టే మేడం. మా గడియారం ఐదు నిమిషాలు ముందుంటది."

"బాగు చేయించకూడదా?"

"ఖరాబు కాలే మేడం. మేమే పెట్టినం. పొద్దుగాల రోల్‌కాల్‌కు పోరగాళ్లు లేటుగ వస్తున్నరని ఎన్కటి ఎస్సై సారు ఐదు నిమిషాలు ముందుకు జరిపిండు. గప్పటి సంది గట్లనే ఉన్నది."

"మరి అందరికీ తెలుసా, అది ముందుందని?"

"తెలువకుంట ఎట్లుంటది? ఐదు తీసేసుకుంటే సరైన టైమే గద."

అంటే ఆ గడియారం వల్ల ఎవరూ త్వరగా రావడం లేదు. అందరూ మనసులో ఐదు తీసేసుకొని, ఎప్పుడూ వచ్చే వేళకే వస్తున్నారు. మీరు నవ్వకండి. మీ ఇంట్లోనూ అలాంటి గడియారం ఒకటి ఉండే ఉంటుంది, మా ఇంట్లో పడకగదిలో ఉంది. నేనూ నవ్వి కూర్చున్నాను. సత్తయ్య టీ తెప్పించాడు. సగం టీ అయ్యాక గ్లాసు నా చేతిలోనే ఆగిపోయింది.

"సత్తయ్యా, కెమెరాలో టైము ఎవరు పెడతారు?"

"మామూలుగ ఎస్సై సారే పెడ్తరు మేడం. రెండు కెమెరాలు టేబుల్ మీద పక్క పక్కన పెట్టి, సెల్‌ఫోన్ చూసి ఒకటే టైము పెట్టి ఇస్తరు."

"నలభై ఒక్క కేసులు వచ్చిన రోజు కూడా?"

సత్తయ్య కొంచెం నసిగాడు. ఆ రోజు తెల్లారేసరికి కొత్తూరు కెమెరా బ్యాటరీ పూర్తిగా దిగిపోయి టైము ఎగిరిపోయింది. తొండుపల్లి కెమెరా తీసుకొని ఎస్సై గారు అప్పటికే వెళ్లిపోయారు. సత్తయ్య బ్యాటరీ చార్జింగు పెట్టి, టైము తానే సరిచేసుకొని బయలుదేరాడు.

"ఏ టైము చూసి పెట్టావు?"

అతను గోడ వైపు చూశాడు. నేనూ చూశాను.

"ఐదు తీసి పెట్టావా?"

సత్తయ్య చాలా న్యాయంగా, చాలా అమాయకంగా అన్నాడు. "ఐదు తీసేది రోల్‌కాల్‌కు గద మేడం."

ఇరవై ఆరేళ్లలో నేను ఎన్నో అబద్ధాలు విన్నాను. ఇంత స్వచ్ఛమైన నిజం మాత్రం వినలేదు. అతను తప్పు చేశానని అనుకోలేదు, దాచనూ లేదు. ఆ రోజు ఎస్సై గారి చేత తిట్లు తిన్నాడు గనుక అప్పటినుంచి కెమెరా బ్యాటరీ దిగకుండా బీరువాలోంచి తీసి తీసి చార్జింగు పెడుతూనే ఉన్నాడట. అది మా అదృష్టం. రెండు కెమెరాలనూ బల్ల మీద పక్క పక్కన పెట్టి తెరిపించాను. తొండుపల్లిదానిలో పదకొండు ఇరవై రెండు. కొత్తూరుదానిలో పదకొండు ఇరవై ఏడు.

అక్కడే కాగితం మీద లెక్క వేశాను. కొత్తూరులో ఐదు నిమిషాలు ముందున్న గడియారం కింద బయలుదేరిన ప్రతి బండీ, తొండుపల్లి చేరేసరికి దారిలో ఐదు నిమిషాలు పోగొట్టుకుంది. యూసుఫ్‌కు పట్టింది ఐదు నిమిషాలు కాదు, పది. అంటే డెబ్బై రెండు. అక్కడ కార్లకు హద్దు ఎనభై, ఆటోలకు యాభై. సెవెన్ సీటర్ ఆటో నలభై ఎనిమిదితో కూనిరాగం తీసుకుంటూ వెళ్లింది. టీ గ్లాసు దూరంగా జరిపాను.

"ఏమైంది మేడం, పరేషాన్ అయితున్నరు?" అన్నాడు సత్తయ్య. "టీ బాగలేదా?"

మా పెద్ద సార్ సలహా

జిల్లాలో మా పై అధికారి తెలివైన మనిషి. ఎప్పుడూ బుగ్గన ఏలకకాయ ఉండేది. ఈ వృత్తిలో నాకు మంచి పాఠాలు చెప్పింది ఆయనే. సాక్షి జవాబు చెప్పగానే సంతోషపడవద్దు, నీకెలా తెలుసు అని ఇంకోసారి అడుగు అనేవారు. నేను ఆ మాట డ్రైవర్ల మీద వాడాను, ఎస్సై గారి మీద జీపు మీటరు దాకా వాడాను, కెమెరా దగ్గర మరిచిపోయాను.

విషయమంతా విని ఆయన ఏలకకాయను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చారు.

"కేసు పోతుంది, అంతే కదమ్మా. పోనీ. ఆటో గురించి అనుమానం ఉందని మేజిస్ట్రేటే కొట్టేస్తాడు. నువ్వు లేచి గడియారం కథ చెప్పావంటే మిగతా నలభై కేసులూ తిరగబడతాయి. పోలీసులు నీకు శత్రువులవుతారు. ఊరికే ఉండు."

"కొట్టేయకపోతే సార్? అతని లైసెన్సు పోతుంది."

"అప్పుడు చూద్దాం."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. ఇలాంటి సలహాలు చెడ్డవాళ్లు ఇవ్వరు, మన మేలు కోరేవాళ్లే ఇస్తారు. మీకూ ఇస్తారు, అందుకే రాస్తున్నాను. ఊరికే ఉండటం నాకూ హాయిగానే తోచింది. మూడు రోజులు ఆలోచించాను. ప్రభుత్వ ప్రాసిక్యూటరు పని కేసు గెలవడం కాదని, నిజం కోర్టు ముందు పెట్టడమని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. పరీక్షలో రాయడానికి ధైర్యం అక్కర్లేదు. బుధవారం పొద్దున కోర్టు మెట్లెక్కేటప్పుడు నాకు నిజంగానే భయం వేసింది. లోపల యూసుఫ్ తెల్లటి లాల్చీ వేసుకొని, పండక్కి వచ్చినట్టు వచ్చి కూర్చున్నాడు. నన్ను చూసి సలాం చేశాడు. తనను మొండివాడని రాసుకున్న మనిషికి.

పేరు పిలవగానే లేచి, వాదనలు లేవు, చెప్పవలసింది ఒకటి ఉంది అన్నాను. గోడ గడియారం దగ్గర మొదలుపెట్టి బల్ల మీది రెండు కెమెరాల దాకా అంతా చెప్పాను. ఎస్సై గారు లేచి నిలబడి, ధ్రువపత్రం మీద సంతకం తనదేనని, ఆ రోజు రెండు కెమెరాల టైములు సరిచూడలేదని తనంతట తానే ఒప్పుకున్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే. మేజిస్ట్రేటు గారు అద్దాలు తుడవడం ఆపి, తల వెనక్కి తిప్పి తన వెనకాల గోడ గడియారాన్ని చూశారు.

"మనది సరిగ్గా ఉందా?" అని గుమాస్తాను అడిగారు.

"పది నిమిషాలు వెనక సార్," అన్నాడు గుమాస్తా. "లంచ్ జర లేటుగ అయితే పని ఎక్కువ అయితదని..."

కోర్టులో నవ్వులు తగ్గాక ఆయన యూసుఫ్‌ను నిర్దోషి అని చెప్పి, లైసెన్సు అప్పటికప్పుడే ఇచ్చేయమన్నారు. యూసుఫ్ దాన్ని రెండు చేతులతో తీసుకొని, తనదేనా కాదా అన్నట్టు ఫోటో చూసుకొని, జేబులో పెట్టుకొని, జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకున్నాడు. వరండాలో అతని దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను.

"అట్లనకుండ్రి మేడం. మీరు చెప్పకపోతే నాకు చెప్పుకోనీకి ఆ ఆటో ముచ్చట ఒక్కటే ఉండె." వెళ్లబోతూ అడిగాడు. "పోయినసారి కేసు కూడ జర ఇట్లనే చూస్తరా?"

"అప్పుడు నిజంగా ఎంత పోయావు?"

ఎర్రగడ్డం నిమురుకున్నాడు. "నూట పది."

"అయితే అది ఉంటుంది."

"ఉండనీ మేడం," అని నవ్వుకుంటూ స్టాండుకు వెళ్లిపోయాడు.

మిగతా నలభై మంది

కథ అక్కడ ఆగితే నేనూ హాయిగా రాసి ముగించేదాన్ని. తీర్పు చెప్పి లేవబోతూ మేజిస్ట్రేటు గారు, "ఆ రోజు జాబితాలో ఇంకెంతమంది మేడం?" అని అడిగారు. నలభైమంది అన్నాను. "వాళ్లంతా?" ఒప్పుకున్నారు అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయారు.

ఆ నలభై కేసులు తిరగదోడటానికి పై కోర్టుకు రాశాం. వీడియో మళ్లీ చూసి, ఐదు నిమిషాలు కలిపి లెక్క వేస్తే నిజంగా హద్దు దాటినవాళ్లు ఎనిమిది మంది తేలారు. మిగతా ముప్పైరెండు మందిని పిలిచి మాట రాసుకోవాలి. కొందరు దొరకలేదు. దొరికినవాళ్లను నేనే కూర్చొని మాట్లాడాను. సత్తయ్య నోటీసులు పట్టుకొని ఊళ్లన్నీ తిరిగాడు. అందరికీ టైము చెప్పి మరీ వచ్చాడట, అసలు టైము.

అలా వచ్చినవాళ్లలో మల్లేశం ఒకడు. షాద్‌నగర్ వైపు కోళ్ల ఫారాల నుంచి పట్నానికి గుడ్లు తెచ్చే వ్యాను డ్రైవరు. మా జాబితాలో అతని వేగం నూట మూడు. నోటీసును నాలుగు మడతలు పెట్టి జేబులోంచి తీసి, ఇంకో కేసు పడిందా అని భయపడుతూ నిలబడ్డాడు. కూర్చోమని, గడియారం సంగతి వివరంగా చెప్పాను. "నువ్వు నూట మూడు పోలేదు మల్లేశం. అరవై పోయావు. మాకు ఇప్పుడు తెలిసింది" అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను.

"నాకు ఎరుకే మేడం," అన్నాడు.

"ఎరుకేనా?"

"గుడ్ల బండి గద. అరవై దాటితే ఎన్క ట్రేలు పగులుతయ్. పదకొండేండ్ల సంది అరవై దాటలే."

"మరి ఆ రోజు కోర్టులో ఎందుకు చెప్పలేదు? జడ్జి గారు నిన్ను అడిగారు కదా?"

మల్లేశం నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచించినట్టు కొంచెంసేపు నేలకేసి చూశాడు.

"తప్పు ఒప్పుకుంటవా అని అడిగిండ్రు మేడం. ఎంత స్పీడ్ పోయినవ్ అని ఎవ్వరు అడగలే."

కాగితం దగ్గరికి లాక్కొని కలం మూత తీశాను.

"ఆ రోజు ఎంత స్పీడ్ పోయావు మల్లేశం?"

"అరవై మేడం."

రాసుకున్నాను.